పది డాలర్లకు వచ్చిన ఉత్తరం

బ్లాగుల్లో ప్రకటనలు చూపించి రాసేవారికి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగును చేర్చుకున్నాక తెలుగు బ్లాగుకూ ప్రకటనల ఆదాయం సాధ్యమైంది గానీ, ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా ధ్రువీకరణకు పిన్ సంఖ్యతో ఉత్తరం పోస్టులో వస్తుందనీ, 100 డాలర్లు నిండితేనే సొమ్ము బ్యాంకుకు చేరుతుందనీ కొత్తవారిలో చాలామందికి తెలియదు. మా మల్కాజిగిరి అపార్ట్‌మెంటులో ఆ ఉత్తరం వాచ్‌మన్ గదిలో కరెంటు బిల్లుల మధ్య దొరికింది. పాతబస్తీ బజార్ల గురించి రాసే నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం; పాఠకులు ఏ మాటలు వెతుకుతూ వస్తున్నారో అది చూపించబట్టే, లాడ్ బజార్ చరిత్ర కన్నా అక్కడి గాజుల దుకాణాలు ఎప్పుడు తెరుస్తారన్న చిన్న వ్యాసానికే గిరాకీ ఎక్కువని తెలిసింది (మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజం). సొంత డొమైన్, అంటే బ్లాగుకు మనదైన వెబ్ చిరునామా, కొనుక్కోవడం మంచిదే. బ్లాగు రూపాన్ని తీర్చే ఖరీదైన థీములకు మాత్రం, ఆదాయం మొదలయ్యేదాకా, రూపాయి కూడా పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.