మా నాన్నగారు ఎవరి పేషెంటు?

గత సోమవారం పర్లాకిమిడి నుంచి నాన్నగారిని ఆయాసంతో బరంపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అడ్మిషన్, అడ్వాన్సు, మంచం దొరకడం అన్నీ సాఫీగానే జరిగాయి. ఆయనకు ఉబ్బసం పాతది, మధుమేహం పన్నెండేళ్లది.

మంగళవారం సాయంత్రానికి ఆయాసం తగ్గింది కానీ షుగరు 386కి ఎక్కింది. బుధవారం ఉదయం ఛాతీ డాక్టరు ఆరుగురు మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, స్టెతస్కోపు ఆనించి, "ఛాతీ బాగుంది" అని కదిలారు. నేను షుగరు చీటీ చూపించబోతే, అది తన విషయం కాదని, మెడిసిన్ డాక్టరును అడగమని అన్నారు. మెడిసిన్ డాక్టరు గది కింది అంతస్తులో ఉంది. రిఫరెన్స్ రాసి పంపనిదే తాము చూడరని అక్కడి సహాయకుడు చెప్పాడు. రిఫరెన్స్ ఎవరు రాయాలని నర్సును అడిగితే, "ఆమ పేషెంట్ నుహే" అంది, అంటే తమ పేషెంటు కాదని. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను, ఆ చీటీ పట్టుకుని నాలుగుసార్లు మెట్లు ఎక్కి దిగాను. నాలుగోసారి సెక్యూరిటీ మనిషి విజిటింగ్ సమయం అయిపోయిందంటూ నా భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నా దగ్గర చదువుకున్న ఒకతను అదే బెంచీ చివర కూర్చుని నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం వేడెక్కుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు డ్యూటీ డాక్టరు వచ్చాడు. ఇరవై అయిదేళ్లు దాటని ఒడియా అబ్బాయి. కేసు షీటు మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదువుకుంటూ పోయి మూడో పేజీ దగ్గర ఆగాడు. అడ్మిషన్ రోజున షుగరు మాత్రలు ఆపేశారు, ఆయాసానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, దానికి తగిన ఇన్సులిన్ మాత్రం ఎవరూ రాయలేదు. స్టెరాయిడ్ షుగరును పెంచుతుందని ఇద్దరు పెద్ద డాక్టర్లకూ తెలియదని నేను అనను. ఎవరి వాటా వారు చూసుకున్నారు, రెండు వాటాలను కలిపి చూసేవారే లేకపోయారు. ఆ అబ్బాయి ఇద్దరికీ ఫోను చేసి, పదకొండు లోపు ఇన్సులిన్ రాయించి ఇప్పించాడు. గురువారం మధ్యాహ్నానికి షుగరు 210కి దిగింది.

వైద్యవిద్య చదువుతున్న మా మేనకోడలికి ఫోనులో ఇదంతా చెబితే, మంచాన పడ్డ రోగిని పూర్తిగా తన మీద వేసుకుని, ఆసుపత్రిలోనే ఉంటూ, నిపుణులందరి మాటనూ ఒకచోట చేర్చే డాక్టరును అమెరికాలో 'హాస్పిటలిస్ట్' అంటారని, 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ ఒక వైద్య పత్రికలో ఆ మాట వాడారని చెప్పింది. మనకు ఆ పేరు అక్కర్లేదు కానీ ఆ మనిషి కావాలి. సాయంత్రం క్లినిక్కుకు పరుగెత్తే పెద్ద పేరున్న డాక్టరు కంటే, రాత్రి కేసు షీటు తిరగేసే కుర్రవాడే నాకు ఎక్కువ.

మీరు వెళ్లవలసి వస్తే, అడ్మిషన్ బల్ల దగ్గరే "ఈ పేషెంటుకు బాధ్యుడైన డాక్టరు ఎవరు, రాత్రి ఎవరుంటారు" అని అడిగి పేర్లు రాసుకోండి. ఇంట్లో వాడే మాత్రల అట్టలు తప్పక వెంట తీసుకువెళ్లండి. మందుల పేర్లు నోటితో చెబితే ఎవరూ వినరు. నర్సుల మీద అరవకండి, రాతపూర్వకంగా డాక్టరు చెప్పనిదే వారు ఇన్సులిన్ ఇవ్వలేరు. నేను అరిచాను, అది నా తప్పే.

శనివారం డిశ్చార్జి చేశారు. స్టెరాయిడ్ మాత్రలు మరో అయిదు రోజులు వాడాలని కాగితంలో ఉంది కానీ, అవి ఆపాక ఇన్సులిన్ ఎలా తగ్గించాలో లేదు. తగ్గించకపోతే షుగరు మరీ పడిపోతుందని ఆ అబ్బాయే కాగితం వెనుక ఏ రోజు ఎన్ని యూనిట్లో పెన్నుతో వరుసగా రాసి ఇచ్చాడు. దాన్ని గోడకు అంటించాను. ఈ ఉదయం నాన్నగారి షుగరు 142.