ఎన్నో హెచ్చరికలో ఉన్నావు నాన్నా? - ట్రామా కోర్సులో నా అనుభవం

2022 జూలై వరద తగ్గాక బడి మళ్ళీ తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. గోదావరి గౌతమి పాయ పక్కన, కోనసీమలో ముమ్మిడివరం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ వరదకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నది మధ్యలోని లంకల నుంచి తరలించిన కుటుంబాలు చాలా రోజులు మా బడి గదుల్లోనే తలదాచుకున్నాయి. వాళ్ళు వెళ్ళాక గదులు కడిగి, బ్లీచింగ్ చల్లి, బల్లలు సర్ది పాఠాలు మొదలుపెట్టాం.

ఆరో తరగతిలో హాజరు వేస్తున్నాను. వంటషెడ్డులో ఎవరి చేతిలోంచో పెద్ద గిన్నె జారి గచ్చు మీద పడింది. పిల్లలంతా అటు తిరిగి చూశారు. ఒక్క కుర్రాడు మాత్రం బల్ల కిందకి దూరిపోయాడు. వాడిని ఇక్కడ చిన్నా అంటాను, అసలు పేరు కాదు. పిలిస్తే రాలేదు. వంగి చెయ్యి పట్టుకుని లాగాను. నా మణికట్టు కొరికాడు.

కేకలేశాను. గోడకుర్చీ వేయించాను. పిల్లల్ని కొట్టకూడదని, మనసు నొచ్చేలా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుందని నాకు తెలుసు. గోడకుర్చీ అంటే కొట్టడం కాదు కదా అని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాళ్ళు వణుకుతూ వాడు గోడకి ఆనుకుని ఉంటే నేను నదీ వ్యవస్థల పాఠం చెప్పాను. ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు. ఆ చూపు ఎక్కడో ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసే స్నేహితురాలికి చెబితే, తను చేరబోతున్న కోర్సు గురించి చెప్పింది. టీచర్లకి, సంక్షేమ శాఖల్లో పనిచేసేవాళ్ళకి ట్రామా మీద, అంటే మనసుకి తగిలే గాయం మీద పీజీ డిప్లొమా. అప్పటిదాకా నాకు ట్రామా అంటే హైవే పక్కన యాక్సిడెంట్ కేసులు చూసే ట్రామా సెంటరే. వరద చూసిన పిల్లల కోసం పనికొస్తుందనుకుని చేరాను. ఏడాది కోర్సన్నారు, నాకు పద్నాలుగు నెలలు పట్టింది. వారంలో మూడు రోజులు రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు ఆన్‌లైన్ క్లాసు. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీదే సరిగా అందుతుంది కాబట్టి దోమల బత్తి వెలిగించుకుని అక్కడే కూర్చునేదాన్ని. రెండు నెలలకోసారి కాంటాక్ట్ క్లాసులకి రావులపాలెం మీదుగా రాజమండ్రి. మా బ్యాచ్‌లో టీచర్లతో పాటు అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, బాలసదనం వార్డెన్, సచివాలయం మహిళా పోలీసు, స్టాఫ్ నర్సు ఉన్నారు.

మొదటి సెమిస్టర్ అంతా థియరీ. ఫెలిటి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 1998లో మొదటి ఫలితాలు అచ్చువేసిన అధ్యయనంతో మొదలైంది. అమెరికాలో శాన్‌డియాగోలో రెండు విడతల్లో 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని వాళ్ళ చిన్నతనం గురించి అడిగారు. ఇంట్లో కొట్టుకోవడం, తాగుడు, తల్లిదండ్రులు విడిపోవడం, పట్టించుకునేవాళ్ళు లేకపోవడం లాంటివి ఎన్ని ఎక్కువ అనుభవిస్తే, పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్ లాంటివి వచ్చే అవకాశం అంత ఎక్కువని తేలింది. వాళ్ళు పేదవాళ్ళు కారు. ఆరోగ్య బీమా ఉండి, ఎక్కువమంది కాలేజీ గడప తొక్కినవాళ్ళు. ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మా స్టాఫ్‌రూంలో ఏ పిల్లాడు అల్లరి చేసినా మేం ముందు వాడి పేట గురించి మాట్లాడుకునేవాళ్ళం.

అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు మాకు రెండో పాఠం. జరిగిన ఘటన వేరు, దాన్ని ఆ మనిషి ఎలా అనుభవించాడన్నది వేరు, ఆ తర్వాత మిగిలే ప్రభావం వేరు అంటాయవి. ఒకే వరదలో ఒకే పడవెక్కి వచ్చిన అన్నదమ్ముల్లో ఒకడు దాన్ని తిరునాళ్ళలా చెప్పుకుంటాడు, ఇంకొకడు వాన పడితే పక్క తడుపుతాడు. మెదడు పాఠంలో అమిగ్డలా గురించి చెప్పారు. బాదం గింజంత భాగం. ప్రమాదం వాసన తగిలితే ఆలోచనతో పని లేకుండా ఒంటిని లేపుతుంది. పోరాడు, పారిపో, లేదా కొయ్యబారిపో. చిన్నా నా చెయ్యి కొరికినప్పుడు వాడు ఆలోచించి కొరకలేదు. గోడ దగ్గర ఆ చూపు ఆగిపోయింది మొండితనంతో కాదు. ఆ క్లాసు అయిపోయాక ల్యాప్‌టాప్ మూసి చాలాసేపు డాబా మీదే కూర్చున్నాను.

ఒక అసైన్‌మెంట్ గురించి చెప్పాలి. మన సంస్కృతిలో ట్రామాని ఏమంటారో రాయమన్నారు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పిల్లలు ఉలిక్కిపడి లేచినా, ఊరికే ఏడ్చినా, అన్నం మానేసినా "జడుసుకున్నాడే వీడు" అనేది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, మొలకి తాడు కట్టి, మూడు రాత్రులు తన పక్కలో పడుకోబెట్టుకుని ఒళ్ళు నిమిరేది. ఇది మూఢనమ్మకమని రాయాలేమో అని సందేహిస్తూ రాశాను. కోర్సులో నా పని చూసే సూపర్‌వైజర్ మేడమ్ ఎర్ర ఇంకుతో పక్కన ఇలా రాశారు: "తాడు సంగతి వదిలేయండి. మూడు రాత్రుల పక్క మీద ఇంకో పేజీ రాయండి." రాశాను. జడుపు అనే మాటలో పిల్లాడిని తప్పుపట్టడం లేదు. జడుసుకున్న పిల్లాడిని ఎవరూ గోడకుర్చీ వేయించరు.

రెండో సెమిస్టర్ ఫీల్డ్ వర్క్. కష్టపడిందీ నేర్చుకున్నదీ అక్కడే. మా బడిలోనే ఒక పిల్లాడిని కేసుగా తీసుకోవచ్చన్నారు. ఇంటివాళ్ళ అనుమతితో చిన్నాని తీసుకున్నాను. మొదటి పని, వాడు ఎప్పుడెప్పుడు చెయ్యి దాటిపోతున్నాడో పట్టిక వేయడం. అంతకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత మేమేం చేశాం - మూడు గడులు. వరద భయం కాబట్టి వాన రోజుల్లో ఎక్కువ ఉంటుందనుకున్నాను. ఆరు వారాలు రాసి చూసుకుంటే వానకీ వాడికీ సంబంధమే లేదు. పదకొండు గొడవల్లో ఎనిమిది శనివారాలే.

శనివారం ఎందుకు? పంటి (మనుషుల్ని దాటించే పడవ) ఎక్కి పాయ దాటి వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మగారు అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. పనికిరాని ప్రశ్నలు వేయకుండా, నేనూ రెండు ఆకులు తీసుకుని ఈనెలు చీల్చడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడే చిన్నా తల్లి సంగతి చెప్పారు.

"దాని ఫోను శుక్కరారం రాత్రే వత్తాదండి. కువైట్‌లో ఆళ్ళింట్లో పనయ్యేసరికి మనకి పదకొండూ పన్నెండూ అవుద్దండి. ఈడు పడుకోడండి. ఒక్కోసారి ఫోను రాదండి. తెల్లార్లూ గుమ్మంలోనే కూచుంటాడండి, ఆయ్."

తండ్రి సంగతి ఆ తర్వాత వారం వెళ్ళినప్పుడు చెప్పారు. తాగి వచ్చి గిన్నెలు విసిరేవాడట. ఆ చప్పుళ్ళు మొదలవగానే తల్లి పిల్లలిద్దర్నీ మంచం కిందకి తోసేదట. అప్పులు తీర్చడానికి ఆవిడ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మా వైపు ఇలాంటి ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. డబ్బు పంపే తల్లి, కాచుకునే మామ్మ. తల్లి బాగానే పంపిస్తోంది కదా, పిల్లాడికేం లోటని మేమే అనేవాళ్ళం. ఆ రోజు నేను వరద అనుకున్నది వరద కాదు. గిన్నె చప్పుడు.

వాడితో మాట్లాడిన ప్రతిసారీ రికార్డు రాయాలి. నేనన్నది ఒక వరసలో, వాడన్నది పక్క వరసలో, ఆ క్షణంలో నా లోపల ఏమనిపించిందో మూడో వరసలో. మొదట్లో మూడో వరస ఖాళీగా పంపేదాన్ని. మేడమ్ తిప్పి పంపేవారు. నిజం రాయడం మొదలుపెట్టాక అక్కడ ఎక్కువగా కనిపించిన మాటలు రెండే: కోపం, భయం.

పిల్లాడి లోపలి అలజడిని కొలిచే కొలమానం ఆలోచన నాకు బడిలోనే వచ్చింది. మనిషి తట్టుకోగల హద్దు గురించి పుస్తకంలో పటం ఉంది, ఆరో తరగతి పిల్లలకి అది ఎక్కదు. కానీ ధవళేశ్వరం వరద హెచ్చరికలు మా లంక పిల్లలందరికీ నోటికొచ్చు. నీటిమట్టం 11.75 అడుగులకి ఒకటో హెచ్చరిక, 13.75కి రెండు, 17.75కి మూడు. ఒకటోదానికి చెవి ఒగ్గుతారు, రెండోదానికి గేదెల్ని గట్టు ఎక్కిస్తారు, మూడోదానికి ఇల్లు వదులుతారు. బోర్డు మీద గీసి క్లాసు మొత్తానికి చెప్పాను. మన ఒంట్లోనూ నీళ్ళు పెరుగుతాయి, ఒకటిలో ఉన్నప్పుడే చెబితే గట్టు ఎక్కడానికి టైముంటుంది అని. చిన్నాని విడిగా "ఎన్నో హెచ్చరికలో ఉన్నావు నాన్నా?" అని అడిగేదాన్ని. మూడు వారాలు జవాబు లేదు. నాలుగో శనివారం హాజరు పిలిచేటప్పుడు తల ఎత్తకుండా బల్ల అంచు మీద రెండు వేళ్ళు పెట్టాడు. వరండాలోకి వెళ్ళి కూర్చోమని సైగ చేశాను. పావుగంట తర్వాత వాడంతట వాడే వచ్చాడు.

మిగతావి చిన్న చిన్న మార్పులు. ఆ రోజు ఏమేం జరుగుతుందో పొద్దున్నే బోర్డు మూలన రాయడం, మార్పుంటే ముందే చెప్పడం. వెనక గోడ, పక్కన గుమ్మం ఉండే చోట కూర్చోబెట్టడం. అడగకుండా ముట్టుకోకపోవడం. శనివారం మొదటి పీరియడ్‌లో టెస్ట్ పెట్టకపోవడం. వంటషెడ్డు ఆయాకి చెబితే గిన్నెలు దించే ముందు "దించుతున్నానర్రా" అని కేకేయడం మొదలుపెట్టింది. బడిలో ఇచ్చే చిక్కీ జేబులో దాచుకుంటాడని నేను ముందు దొంగతనం కింద లెక్కేశాను. చెల్లెలి కోసమని తెలిశాక ఇంకేం మాట్లాడగలను?

కాంటాక్ట్ క్లాసులో ఒక రోల్‌ప్లే నేను మర్చిపోలేను. అమ్మాయిగా నటిస్తున్న నర్సు "ఎవరికీ చెప్పనంటే ఒక విషయం చెబుతాను టీచర్" అంది. "చెప్పనమ్మా, ఒట్టు" అన్నాను. మేడమ్ అక్కడే ఆపేశారు. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే నేను నిలబెట్టుకోలేని ఒట్టు వేశాను. ఒకసారి మోసపోయిన పిల్లని మళ్ళీ మోసం చేయబోయాను. "నీకు మంచి జరగడానికి చెప్పాల్సిన వాళ్ళకి చెబుతాను, ఎవరికి చెప్పేదీ ముందు నీకు చెబుతాను" అనాలి. వివరాలు తవ్వకూడదు. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 గుర్తుంచుకోవాలి. ఈ వాక్యం నోటికి రావడానికి అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంకో చోట, పేరు చెప్పను, పిల్లల హాస్టల్‌కి పరిశీలనకి వెళ్ళాం. దాతలు వస్తే ఒక పాపని పిలిచి తన కథ చెప్పించారు. నాన్న ఎలా పోయాడో, అమ్మ ఎలా వదిలేసిందో. పాప అప్పజెప్పింది, ఎక్కం చెప్పినట్టు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, బిస్కెట్లు పంచారు. నేను నోరు విప్పలేకపోయాను, ఆ కోపం ఇప్పటికీ ఉంది. తర్వాత మేడమ్‌తో కలిసి నిర్వాహకులకి రాతపూర్వకంగా ఇచ్చాం. ఇకమీదట కథలు చెప్పించకుండా దాతలకి పిల్లలు గీసిన బొమ్మలు చూపిస్తామని ఒప్పుకున్నారు. పాటిస్తున్నారో లేదో వెళ్ళి చూసే అధికారం నాకు లేదు.

మూడో వరస గురించి చెప్పాను కదా. ఒకసారి అందులో, నవంబరులో గాలి వీస్తే నాకు నిద్ర పట్టదని, కిటికీలు రెండు మూడుసార్లు చూసుకుంటానని మామూలుగా రాశాను. మేడమ్ ఫోన్ చేసి ఎప్పటి నుంచి అని అడిగారు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి నాకు 11 ఏళ్ళు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే నాన్న మమ్మల్ని మంచం కిందకి తోసి పైన పరుపు వేశాడు. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు పడి ఉన్నాయి. మంచం కింద అన్న మాట చెబుతుండగానే నాకు చిన్నా గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. మేడమ్ ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేయనూ లేదు. ఆ తర్వాత నాలుగు వారాలు నా కోసం ఒక కౌన్సెలర్ దగ్గరకి వెళ్ళాను. కోర్సులో అది తప్పనిసరి కాదు. నా మటుకు నాకు తప్పనిసరే అయింది.

వైవాలో పరీక్షకుడు "పిల్లాడు బాగయ్యాడా?" అని అడిగారు. లేదండీ, బల్ల కింద నుంచి వరండా దాకా వచ్చాడు అన్నాను. నేను డాక్టర్ని కానని, మామ్మగారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చానని, ఆవిడ రెండుసార్లు తెలుగులోనే మాట్లాడారని చెప్పాను. 2023 చివర్లో సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది.

ఎవరైనా చేరాలనుకుంటే ఫీజు కన్నా ముందు ఫీల్డ్ వర్క్‌కి సూపర్‌విజన్ ఉందో లేదో కనుక్కోండి. రికార్డు చదివి తిప్పి పంపే మనిషి లేకపోతే నేను మూడో వరస ఎప్పటికీ నింపేదాన్ని కాదు.

చిన్నా ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ సంక్రాంతికి వస్తానంది. వచ్చేదాకా నమ్మనని అంటున్నాడు. మొన్న శనివారం వేళ్ళు చూపించలేదు. పక్క బల్లలో ఆరో తరగతి నుంచి తప్పిపోయి వచ్చి ఏడుస్తున్న చిన్నపిల్లాడి దగ్గర గొంతుక్కూర్చుని, "ఎన్నోదిరా?" అని అడుగుతున్నాడు.