ఆదోనిలో శెనక్కాయల రేటు

మా అబ్బను 1975 జులైలో మీసా కింద, అంటే విచారణ లేకుండా లోపలేసే చట్టం కింద, పట్టుకుపోయిన రాత్రి, మా నాయనకు ఆయన చెప్పిపోయిన మాట ఇదీ: "ఆదోనికి పోయి శెనక్కాయలు అమ్ముకోని వస్తా పెద్దోడా, మీ అమ్మను సతాయించాకు, గమ్మున పండుకో."

మా నాయనకు అప్పుడు ఏడేండ్లు. మాది గుత్తి దగ్గర పల్లె. ఆషాఢంలో శెనక్కాయలు ఎవురమ్ముతారు చెప్పండి? అది ఇత్తనం ఏసే కాలం, ఇంట్లో ఉన్నిందంతా ఇత్తనం కాయే, ఆడోళ్లు పొద్దుగూకులూ కూర్చోని ఒలుస్తాండ్రి, ఆ మూటల మీదనే మా నాయన పండుకోని ఉన్నాడంట. అమ్మేది పంట పెరికినాక, దీపావళి అటూ ఇటూ. పైగా బండి కట్టలేదు, మూట ఎత్తలేదు, వాకిట్లో జీపు ఉంది, దాని పక్కన టోపీలు పెట్టుకున్నోళ్లు ఉన్నారు. "అబద్ధమని నాకు అప్పుడే తెల్సు పాపా" అంటాడు మా నాయన. తెల్సి ఏం చేసినావు అంటే, "ఏం చేస్తా, సరే అన్యా" అంటాడు.

అబ్బ పెద్ద లీడరేం కాదు. రైతు సంఘానికి చందాలు వసూలు చేసేది, కరపత్రాలు పంచేది, కమ్యూనిస్టు లీడర్ తరిమెల నాగిరెడ్డి మీటింగ్ ఉందంటే సైకిల్ ఏసుకోని పోయేది, అంతే. ఇప్పటి పిల్లోళ్లకు నాగిరెడ్డి అంటే తెలీదు. 1952 ఎలక్షన్లలో అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించిన మనిషి, మళ్ల 1969లో ఎమ్మెల్యే పదవి ఇడిసిపెట్టి ఈ అసెంబ్లీతో అయ్యే పని కాదని బయటికొచ్చిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని తిరిగినోళ్లందర్నీ ఆ రోజుల్లో ఏరినారు. ఎర్రజెండావోళ్లనే కాదులే, జనసంఘమోళ్లను, సోషలిస్టులను, వాళ్లూ వీళ్లని లేకుండా దేశమంతా కలిపి లక్షకు పైగా మందిని లోపలేసినారు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టినారు, మీసా అనే చట్టం 1971 నుంచే ఉన్నింది గానీ ఎమర్జెన్సీ వచ్చినాక దాన్ని మార్చి, ఎందుకు పట్టుకున్నామో చెప్పే పనే లేకుండా చేసుకున్నారు. పట్టుకున్నోనికీ చెప్పరు, కోర్టుకూ చెప్పరు. మా జేజి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అడిగింది కూడా అదే, ఏం తప్పు చేసినాడు సామీ అని, ఒక్కరూ చెప్పలేదు. మళ్ల సంవత్సరం ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు కూడా ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఒకపక్క నిలబడి, ఎమర్జెన్సీలో ఇట్లాంటి అరెస్టుల మీద కోర్టుకు వచ్చే హక్కు లేదని తీర్పు చెప్పింది. కాదన్నది హెచ్.ఆర్.ఖన్నా ఒక్కడే.

ఇంగ ఇంట్లో సంగతి. మా జేజి మా నాయనకు నిజం చెప్పలేదు, మొగుడు చెప్పిన ఆదోని కథనే పట్టుకోని కూర్చుంది. మా నాయన కూడా తెల్సినట్టు ఎక్కడా బయటపడలేదు, అమ్మ ఏడుస్తాదని. తల్లీ కొడుకు ఒకే ఇంట్లో ఉండి ఒకరి కోసం ఒకరు అబద్ధం మోసినారు, నాకు ఈ ఇంటి కథలో అన్నిటికంటే కడుపులో తిప్పేది ఇదే. బయట మాత్రం ఊరు ఊరికే ఉంటాదా. బడికాడ పిల్లోళ్లు మీ నాయన్ను పోలీసోల్లు పట్టకపోయినారంట కదరా అని ఎగతాళి చేసేది, వీడు కొట్లాటకు పోయేది, సార్ దగ్గర దెబ్బలు తినేది. ఆ డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసినారు. వాళ్లు ఆదిలాబాద్ జిల్లా రైతులు, వాళ్ల కేసు వేరు, మా అబ్బకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ అరుగు మీద కూర్చున్నోళ్లకు అదంతా ఎందుకు? "ఎర్రోళ్లను వరసబెట్టి ఉరేస్తారంట" అని ఒక పెద్దమనిషి అన్నాడు, అది మా నాయన చెవిన పడింది. ఏడేండ్ల పిల్లోడు ఆ మాట ఎవురికీ చెప్పకుండా చలికాలమంతా లోపల పెట్టుకున్నాడు. అందుకే నేనంటాండేది, పిల్లోళ్లకు మనం చెప్పకపోతే ఊరు చెప్తాది, అదీ రెండింతలు చేసి చెప్తాది.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఇంకో నాయన, ఇంకో బిడ్డ. 1930 అక్టోబర్‌లో నైనీ జైల్లో ఉన్న జవహర్లాల్ నెహ్రూ, పదమూడో పుట్టినరోజు వస్తాండే కూతురికి ఉత్తరం రాసినాడు. జైల్లో ఉండాను, నీకేమీ కొనియ్యలేను అని ఊరికే బాధపడలేదు, ఆ పిల్లకు ఒక పరీక్ష చెప్పినాడు. ఒక పని మంచిదా చెడ్డదా అని అనుమానం వస్తే చూసుకోవాల్సిందేందంటే, దాన్ని దాచిపెట్టాలని అనిపిస్తాందా లేదా అని. రహస్యంగా ఏదీ చెయ్యొద్దు, దాచాలనిపించిందంటే లోపల భయం ఉన్నట్టే, భయపడడం నీకు తగదు, ధైర్యంగా ఉంటే మిగిలిందంతా దానంతట అదే వస్తాది అని. ఎంత మంచి మాట చెప్పండి. నేను మొదటిసారి చదివినప్పుడు, అబ్బా, జైల్లో కూర్చోని బిడ్డకు రాస్తే ఇట్ల రాయాల అనుకున్యా. ఆ పిల్ల కూడా సామాన్యమైన పిల్ల కాదు, ఇంట్లో నాయనా జైలుకు, అమ్మా జైలుకు, పోలీసులు వచ్చి పోయేది కళ్లారా చూస్తా పెరిగింది.

ఆ పిల్లే, ఆ ఉత్తరం వచ్చిన నలభై ఐదేండ్లకు మా అబ్బను లోపలేసింది. కారణం చెప్పక్కర్లేదు, అది ప్రభుత్వం దాచుకునే విషయం అని చట్టం రాయించింది కూడా ఆ సర్కారే. పేపర్లలో ఏం అచ్చెయ్యాలో ముందే చూసి కొట్టేసిందీ ఆ సర్కారే. నెహ్రూ చెప్పిన పరీక్ష పెట్టుంటే మొదటి రోజే ఫెయిల్. నేను దీన్ని కాంగ్రెస్ వాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు (తిట్టాలనుకుంటే వేరే పోస్ట్ రాస్తా), నాకు దిగులు పుట్టించేది వేరే. అంత మంచి నాయన, అంత మంచి మాట, రాసే తీరిక, చదివే బిడ్డ, అన్నీ ఉన్నా ఆ మాట నిలబడలేదే అని. మా అబ్బ చెప్పిన శెనక్కాయల అబద్ధమేమో మా నాయనకు అక్షరం పొల్లుపోకుండా యాభై ఏండ్లు నిలబడింది.

ములాఖత్ సంగతి చెప్తా. ఆ శీతాకాలం అయిపోయేటప్పుడు జేజికి పర్మిషన్ వచ్చింది, అబ్బను పెట్టింది దూరంగా ఉండే పెద్ద జైల్లో, రైళ్లు మారి పోవాల. బొరుగులు, శెనిగ్గింజల ఊరిబిండి, నాలుగు జొన్న రొట్టెలు మూటగట్టుకోని, మా నాయన్ను ఎంటబెట్టుకోని పోయింది. దావలో కూడా ఆదోనికే పోతాండామని చెప్పిందంట! రైలు ఆదోని పక్కకు కాదు, దానికి అడ్డంగా ఇంకో దిక్కు పోతాంది, మా నాయన కిటికీలోంచి స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని చదువుకుంటా ఊరికే ఉన్నాడు. అక్కడ జాలీ అవతల అబ్బ, ఇవతల వీళ్లు, పక్కన కుర్చీలో జైలాయన ఒకాయన కూర్చోని ప్రతి మాటా ఇంటాడు, రాజకీయాలు మాట్లాడితే అక్కడికక్కడే బంద్. జేజి ఏడుస్తాంది. అబ్బ ఎద్దులు ఎట్లుండాయి, వానలు పడినాయా, సొసైటీ అప్పు కాయితాలు చూరులో ఉండాయి చూసినావా, ఇట్లాంటివే అడుగుతాన్నాడు. అప్పుడు మా నాయన జాలీకి మొగం ఆనించి ఒకటే మాట అడిగినాడంట.

"నాయనా, ఆదోనిలో శెనక్కాయలు ఎంతకు పోయినాయి?"

కోపంగానే అడిగినా అంటాడు మా నాయన. నాకు తెల్సులే అని చెప్పాలని అడిగినాడు. జైలాయనకు ఏం అర్థమైతాది, నవ్వినాడు, రైతు బిడ్డ రైతు బిడ్డే అన్నాడంట. అబ్బ నవ్వలేదు. రోంత సేపు వాని మొగం చూసి, "రేటు బాగలేదు నాయనా. ఇంగా రోన్ని దినాలు ఆగి అమ్మాల. సరుకు మాత్రం చెడిపోలేదు, మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

అంతే. అక్కణ్నించి అదే వాళ్ల భాష అయిపోయింది. అబ్బ రాసే కార్డుల మీద సెన్సార్ ముద్ర పడి వచ్చేది, అందులో ఇంటికి తెలియాల్సిందంతా రేటు మాటల్లోనే. ఈ నెల కూడా రేటు రాలేదు. సరుకు బాగుంది. తూకం రోంత తగ్గింది, ఇదేమో ఒంట్లో బాగలేనప్పుడు. చిన్న పిల్లోడు చదివి అమ్మకు చెప్పేవాడు. ఆ కార్డులు ఇంట్లో ఇప్పుడు లేవు, చెదలు తినేసినాయి.

దేశాలు దాటి చూసినా ఇదే గొడవ. ఇటలీలో ముస్సోలిని 1926 నవంబర్‌లో కమ్యూనిస్టు లీడర్ గ్రాంసీని పట్టుకుని లోపలేసినప్పుడు పెద్ద కొడుక్కు రెండేండ్లు, చిన్నోడు అప్పుడే పుట్టినాడు, వాణ్ని ఆయన జన్మలో చూడనేలేదు. ఇరవై ఏండ్ల నాలుగు నెలల ఐదు దినాలు శిక్ష వేసినారు, 1937లో సచ్చిపోయినాడు. పిల్లోళ్లేమో రష్యాలో తల్లి దగ్గర పెరిగినారు. మీ నాయన జైల్లో ఉండాడని పెద్దోనికి చెప్పలేదని తెల్సి ఆయన జైల్లోంచి బాధపడినాడు, దాచడం వద్దు, పిల్లోళ్లకు అర్థమైతాది, ముఖ్యమైన సంగతి కూడా మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాల అని ఆయన వాదన. నేను ఈ విషయంలో గ్రాంసీ పార్టీ.

మండేలా అయితే ఇంకా సూటిగా పోయినాడు. 1969 మేలో ఆయన భార్య విన్నీని కూడా అరెస్ట్ చేసినారు, ఆయన అప్పటికే రాబెన్ ద్వీపం జైల్లో ఉన్నాడు, ఇద్దరాడపిల్లలు, ఒకదానికి పదేండ్లు, ఒకదానికి ఎనిమిది. జూన్‌లో ఉత్తరం రాసినాడు. మీ అమ్మను మళ్ల పట్టుకుపోయినారు, నెలలు కావచ్చు ఏండ్లు కావచ్చు, మీరు అనాథల్లాగా బతకాల్సి రావచ్చు, పుట్టినరోజు పండగలుండవు, కొత్త బట్టలుండవు, బొమ్మలుండవు అని ఒక్కొక్కటీ లెక్కబెట్టి రాసినాడు. చదవతా ఉంటే ఇదేందిరా నాయనా, బిడ్డకు ఇట్ల రాస్తారా అనిపిస్తాది. మళ్ల ఆలోచిస్తే, ఇట్ల చెప్పినోడు బిడ్డను నమ్మినట్టు. ఆ ద్వీపానికి పదహారేండ్లు నిండని పిల్లోళ్లను ములాఖత్‌కు రానిచ్చేవాళ్లు కాదు, మొదట్లో ఆరు నెలలకు ఒక్క ఉత్తరం, అదీ ఐదొందల మాటలు దాటకూడదు, రాసినవాటిలో చానా వరకు పిల్లోళ్లకు అందనే లేదు.

మన సీమలో ఇట్లాంటివి లేవా అంటే ఎందుకు లేవు. కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కేసులో మూడేండ్లు వేలూరు జైల్లో ఉన్నాడు. ఇంగా వెనక్కిపోతే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తాండంగా ఉరి తీసి, తల తీసి కోట మీద కట్టి 1877 దాకా అట్లనే ఉంచినారు, ఇది మనందరికీ తెల్సు. తవర్జీ, అంటే తెల్లోళ్ల కంపెనీ ఇచ్చే భరణం, పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసల కాడ మొదలైన గొడవని కూడా తెల్సు. ఆయన పెండ్లాం పిల్లోళ్లను తెచ్చి కడపలో బందీ పెట్టినారని కూడా చెప్పుకుంటారు గానీ, ఆ మాట దగ్గర ఎవురూ నిలబడరు, వెంటనే గుర్రం, కత్తి, యుద్ధం. నాకు మాత్రం ఆ కడప బంగ్లాలో పిల్లోళ్లకు ఎవురు ఏం చెప్పి పండబెట్టినారో అనే ఉంటాది.

నాగిరెడ్డి 1976 జులై 28న అజ్ఞాతంలో ఉండంగనే పోయినాడు. అబ్బకు ఆ కబురు జైల్లో తెల్సింది. 1977 మార్చిలో ఎలక్షన్లు, దేశమంతా ఇందిర ఓడిపాయె, మన ఆంధ్రాలో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే. పోయిన ఒక్కటీ నంద్యాల, గెలిచింది ఎవురు, నాగిరెడ్డి బావ సంజీవరెడ్డే, జనతా తరఫున. రాజకీయాలు ఎట్లుంటాయో చూడండి. అబ్బ ఆ నెలాఖరులో ఇంటికొచ్చినాడు, చేతిలో ఒక గుడ్డ సంచి, ఒళ్లంతా గజ్జి.

నేనూ మా నాయనా దీని మీద ఎప్పుడూ కొట్లాడతాం. నేనంటా, ఆ రాత్రి ఒక్క ముక్క చెప్పుండాల్సింది, పోలీసోల్లు తీసకపోతాండారు, నేను తప్పు చెయ్యలేదు, భయపడాకు అని. అంతే కదా, పది సెకన్లు పట్టదు. చెప్పుంటే నువ్వు చలికాలమంతా ఉరి మాట లోపల పెట్టుకోని సచ్చేవాడివి కాదు అని. మండేలాను చూడు, గ్రాంసీని చూడు అంటా.

"వాళ్లకు కాయితం కలం ఉన్నింది, కూర్చోని ఆలోచించుకునే టైం ఉన్నింది. మీ అబ్బకు చొక్కా ఏసుకునే టైం గూడా ఇయ్యలేదు పాపా, ఒట్టి బనీను మీద ఎక్కించుకుపోయినారు" అంటాడు మా నాయన.

సరే, ఆ రాత్రికి ఒప్పుకుంటా. ములాఖత్‌లో టైం ఉన్నింది కదా, అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటే, అప్పుడు చెప్పినాడు కదమ్మా, నీకు అర్థం కావట్లేదు, రేటు బాగలేదంటే ఏమనుకున్యావు అంటాడు. అది చెప్పినట్టు కాదు అంటా నేను. పోయిన ఆదివారం సంగటి తింటా తింటా కూడా ఇదే వాదన, మా అమ్మ లేచి పోయి టీవీ పెట్టుకునింది.