పెన్న ఒడ్డున ఒక నిద్ర

మూడు దాటాక మెలకువ వస్తుంది. కళ్ళు తెరుచుకుంటాయి గానీ ఒళ్ళు కదలదు. ఫ్యాన్ తిరగడం కనిపిస్తుంది, పక్కన పాప ఊపిరి వినిపిస్తుంది. తలుపు దగ్గర ఎవరో ఉంటారు. మొహం ఉండదు, ఆడో మగో తెలియదు. చీకట్లో అక్కడ మాత్రం ఇంకాస్త చిక్కటి చీకటి. అది మెల్లగా వచ్చి నా కాళ్ళ వైపు కూర్చుంటుంది. పరుపు కుంగడం తెలుస్తుంది. అరుద్దామంటే గొంతు పెగలదు. ఎలాగో ఒక వేలు కదిలిందా, అంతా పోతుంది. లేచి లైటేస్తే దుప్పటి మీద ముడత కూడా ఉండదు.

పోయిన ఆగస్టు నుంచి జనవరి దాకా నెలకి నాలుగైదు సార్లు ఇదే. నాకు వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. పడుకోవాలంటేనే టెన్షన్ మొదలైంది. మా ఆయన తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో చెబితే ఎలా చూస్తారో నాకు తెలుసు.

డాక్టరు గారు విసుక్కోకుండా అరగంట కూర్చోబెట్టి చెప్పారు. స్లీప్ పెరాలసిస్ అంటారట. కలలొచ్చే నిద్రలో రెప్పల కింద కళ్ళు గబగబా కదులుతుంటాయి. చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు 1953లో ఈ సంగతి బయటపెట్టారు. ఆ నిద్ర నడిచినంతసేపూ మెదడు కండరాలని కట్టేసి ఉంచుతుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి పడిపోతాం. ఒక్కోసారి తెలివి ముందు వచ్చి, ఆ కట్టు తర్వాత విడుతుంది. ఆ కాస్త సందులో కల ఇంకా పూర్తిగా పోయి ఉండదు. గది నిజం, గదిలో మనిషి కల. నిద్ర వేళలు మారుతూ ఉండేవాళ్ళకీ, వెల్లకిలా పడుకునేవాళ్ళకీ ఇది ఎక్కువగా వస్తుందని, ముందు డ్యూటీలు మార్పించుకోమని చెప్పారు.

ఇంటికొచ్చి నేనూ కొంత చదివాను. 2006లో స్విట్జర్లాండ్ డాక్టర్లు మూర్ఛ ఉన్న ఒక అమ్మాయికి ఆపరేషన్ ముందు పరీక్ష చేస్తూ, మెదడులో ఎడమ పక్కన ఒక చోట కొద్దిగా కరెంటు పెట్టారు. వెంటనే ఆమెకి వెనకాల ఎవరో ఉన్నట్టు అనిపించిందట. ఆమె కూర్చుంటే ఆ నీడ కూర్చుంది. ఆమె మోకాళ్ళు చుట్టుకుంటే ఆ నీడ ఆమెనే చుట్టుకుంది. మన ఒళ్ళు ఎక్కడుందో మనకి తెలియజెప్పే చోటు అదేనట. అంటే నా కాళ్ళ దగ్గర కూర్చునేది నేనేనా? ఆ రాత్రి లైటు ఆర్పలేదు.

నెల్లూరు పెద్దమ్మకి ఈ సంగతి మా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "జొన్నవాడకి రా మే. ఒక్క నిద్ర చేసి పో" అంది.

మా వైపు నిద్ర చేయడం అంటే మామూలుగా పడుకోవడం కాదు. పెన్నలో మునిగి, తడిబట్టలతో ప్రదక్షిణాలు చేసి, రాత్రి అమ్మవారి గుళ్ళోనే పడుకోవడం. పిల్లలు లేనివాళ్ళు, మనసు బాగాలేనివాళ్ళు, గాలీ ధూళీ సోకిందని ఇంట్లోవాళ్ళు భయపడేవాళ్ళు వస్తారు. కలలో అమ్మ ఏదో ఒకటి చూపిస్తుందని నమ్మకం. జొన్నవాడ కామాక్షితాయి గుడి ఒక్కటే కాదు, జిల్లాలో ఏఎస్ పేట దర్గాలోనూ, కసుమూరు దర్గాలోనూ ఇలాగే రాత్రిళ్ళు ఉండేవాళ్ళున్నారు. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు జొన్నవాడలో పిల్లల కోసం వచ్చినవాళ్ళకి కొడిముద్దలని ప్రసాదం ఇస్తారు. అమ్మ ఆ ముద్ద తిన్నాకే నేను పుట్టానని మా ఇంట్లో చెప్పేవాళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళు. ఆమె లేకుండా నేను ఆ జిల్లాకి వెళ్ళడం అదే మొదటిసారి.

హైదరాబాదు నుంచి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. నెల్లూరు వచ్చే ముందు బండి పెన్న వంతెన ఎక్కగానే చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటుతో కిటికీ దగ్గరికి జరిగాను. 2021 నవంబరు వరదలో ఈ దగ్గరే పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు ఇసక మేటల మధ్య నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచొచ్చిన నది ఇది, ఇంకాసేపట్లో సముద్రం. అలసిపోయిన మనిషి నడకలాగా కనిపిస్తుంది నాకెప్పుడూ.

పెద్దమ్మ గుమ్మంలోనే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "ఏంది మే ఇట్టా అయిపొయ్యావు?" ఇంకేమీ అడగలేదు. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లిన దోశలు నాలుగు తినేదాకా లేవనివ్వలేదు.

అది శుక్రవారం. మధ్యాహ్నం దాటాక బస్సెక్కాం. జొన్నవాడ నెల్లూరుకి 12 కిలోమీటర్ల దూరంలో, బుచ్చిరెడ్డిపాళెం మండలంలో, పెన్నకి ఉత్తరపు గట్టున ఉంది. దారి పొడుగునా నాట్లు పడ్డ మళ్ళు. కశ్యపుడు ఇక్కడ యజ్ఞం చేశాడని, జన్నం జరిగిన వాడ కాబట్టి జన్నవాడ, అదే జొన్నవాడ అయిందని చెబుతారు. ఆ మాట నాకు నచ్చుతుంది. యజ్ఞానికి జన్నం అనే పాత మాట ఇక్కడ ఎంతో మామూలుగా జనం నోట్లో నిలబడింది.

సాయంత్రం ఏటిలో మునిగాం. జనవరి నీళ్ళు ఎముకలు కొరికాయి. తడిచీరతో ప్రదక్షిణాలు చేస్తుంటే గచ్చు మీద నా ముందు నడిచినవాళ్ళ తడి అడుగులు, వాటి మీద నావి. లెక్క పెట్టుకోవడం మధ్యలో తప్పింది. పెద్దమ్మ వేళ్ళ మీద పెట్టుకుంటోంది, ఆమె ఆగినప్పుడు ఆగాను. మల్లికార్జునస్వామికి దణ్ణం పెట్టి, అమ్మవారి ముందు నిలబడితే ఏం కోరుకోవాలో తోచలేదు. రాకుండా చూడమనాలా, ఎవరో చెప్పమనాలా? ఊరికే నిలబడ్డాను.

రాత్రి మండపంలో చాపలు పరుచుకున్నాం. అటూ ఇటూ పడుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మా పక్కన కావలి వైపు నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ. కూతురికి పందొమ్మిదేళ్ళుంటాయేమో. జుట్టు విరబోసుకుని, చూపు ఎక్కడో పెట్టి, వేలితో గచ్చు మీద ఒకటే గీత గీస్తూ కూర్చుంది. నాకు మనసు ఆగలేదు. డాక్టరుకి చూపించారా అని అడిగాను. ఆ తల్లి కోప్పడలేదు. సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో మందుల షీట్లు, చీటీలు, రబ్బరు బ్యాండు వేసి, తేదీల వారీగా. ఒక బిళ్ళ నొక్కి తీసి కూతురి అరచేతిలో పెట్టింది. ఆ పిల్ల మింగేదాకా చూసి, చెంగుతో మూతి తుడిచి, తర్వాత అమ్మవారి కుంకుమ నుదుట పెట్టింది. "రెండూ ఉండాల గదమ్మా" అంది. నేను ఇన్నాళ్ళూ ఈ రెంటిలో ఏదో ఒకటే తేల్చుకోవాలని నలిగిపోతున్నాను. ఆమెకి ఆ గొడవే లేదు. మందులు మానిపించి గుళ్ళ చుట్టూ తిప్పేవాళ్ళని తలచుకుంటే నాకు భయమే. ఈమె అలాంటి మనిషి కాదు.

చివర్న ఒక ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. దోమలు. ఎవరిదో దగ్గు. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, జోకొట్టే చప్పుడు. ఇంతమంది మధ్య నిద్ర పట్టదనుకున్నాను. ఎప్పుడు పట్టిందో తెలియదు.

మెలకువ వచ్చింది. ఒళ్ళు కదల్లేదు.

స్తంభం కనిపిస్తోంది. దాని మీద చెక్కిన తీగ, తీగ మీద ఎవరో పూసిన పసుపు ఎండి పెచ్చుగా లేచి ఉండటం కూడా కనిపిస్తోంది. పెద్దమ్మ గురక వినిపిస్తోంది. స్తంభం పక్కన అది ఉంది. హైదరాబాదులో నా తలుపు దగ్గర నిలబడేదే. ఆ నిలబడే తీరు గుర్తుపట్టాను, దూరంగా వచ్చే మన వీధి మనిషిని నడకని బట్టి పోల్చుకున్నట్టు. పడుకున్నవాళ్ళని దాటుకుంటూ వచ్చింది. ఒక్కరి ఒంటి మీదా కాలు పడలేదు. చాప కొస మీద కూర్చుంది. పరుపు కాదు కదా, కుంగలేదు. కానీ నా మడమల దగ్గర తడిబట్ట చల్లదనం తగిలింది. ఏటి నీళ్ళ వాసన.

అరవాలని అనిపించలేదు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. ఆ గచ్చు మీద అంతమంది ఉన్నారు కదా, వాళ్ళంతా ఎవరో ఒకరు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చోవాలనే వచ్చారు. నా దగ్గరికి వచ్చింది, అంతే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే దుప్పటి నా పాదాల మీదికి జరిగినట్టనిపించింది. చూస్తూ చూస్తూ, రెప్ప వేయకుండానే, అక్కడ ఎవరూ లేరు. కాలి బొటనవేలు కదిలింది.

తెల్లవారి చూస్తే నా పాదాల మీద దుప్పటి ఉంది. రాత్రి అలాగే కప్పుకున్నానేమో. చాప పక్కన తడి అడుగులు కూడా ఉన్నాయి. నాలుగింటికే ఏట్లో మునిగి ప్రదక్షిణానికి వచ్చినవాళ్ళు ఆ దారినే వెళ్ళారు. వాళ్ళలో ఒకరు నిజంగానే కాసేపు నా చాప మీద కూర్చుని ఉండొచ్చు. ఎవరినీ అడగలేదు. తడి ఆరేదాకా ఆ అడుగులని చూస్తూ కూర్చున్నాను.

ఆ పొద్దున నన్ను కదిలించింది ఇంకొకటి. చాపలు చుట్టుకుంటూ ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు, "ఏమన్నా అగపడిందా?" కాఫీ తాగావా అన్నంత మామూలుగా. ఒకామెకి ఎర్రావు దూడ కనిపించింది. ఇంకొకామెకి ఎవరో తలుపు తీసినట్టు, అంతే. పొదలకూరు నుంచి వచ్చిన ముసలామెకి ఏమీ రాలేదు. "నాకు నిద్ర ఎక్కువలే, వచ్చి పొయ్యుంటది" అంది. ఎవరూ ఎవరినీ నిజమా అని అడగలేదు. నన్నూ అడిగారు. ఐదు నెలలుగా దాచుకున్నది ఆ పరాయివాళ్ళ ముందు మొదటి నుంచీ చెప్పాను. ముసలామె అంతా విని, "పాపం, కూర్చోనీ" అంది.

తిరిగి వస్తుంటే బస్సులో పెద్దమ్మ చెవి దగ్గర నెమ్మదిగా అంది. "మీ అమ్మేమో మే. నీకు జరమొస్తే రాత్రంతా కాళ్ళకాడే కూర్చునేది."

అలా అనుకుంటే ఎంత బాగుండును. కానీ అనుకోలేను. అమ్మకి మొహం ఉంది. ముక్కుపుడక ఉంది, ఎడమ కనుబొమ మీద గాటు ఉంది. పెద్దమ్మతో అనలేదు, చేయి పట్టుకున్నాను.

మధ్యాహ్నం నెల్లూరులోనే పెన్న గట్టున రంగనాయకులస్వామి గుడికి తీసుకెళ్ళింది. గాలిగోపురం నీడ పొడుగ్గా పడే వేళ దాకా గుడి వెనక ఏటి వైపు కూర్చున్నాం. మనుమసిద్ధి రాజుగా ఉన్న కాలంలో, 13వ శతాబ్దంలో, ఇదే ఊళ్ళో తిక్కన ఉన్నాడు. ఆయన భారతం మొదలుపెట్టే ముందు తనకొచ్చిన కల గురించి విరాటపర్వం ఆరంభంలో చెప్పుకున్నాడు. కలలో పోయిన తండ్రి కొమ్మన వచ్చాడు. ఆ తర్వాత హరిహరనాథుడే కనిపించాడు. తిక్కన ఆ కలని దాచుకోలేదు, పుస్తకం గడపలోనే పెట్టాడు. భారతం ఆ స్వామికే అంకితం ఇచ్చాడు. డిగ్రీలో మార్కుల కోసం బట్టీపట్టిన ఆ కథ, ఆ గట్టు మీద కూర్చుని తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆయన కూడా తెల్లవారుజామున కళ్ళు తెరిచి, చీకట్లో కాసేపు కదలకుండా పడుకుని ఉంటాడు కదా.

రాత్రి బండికి పెద్దమ్మ స్టేషన్ దాకా వచ్చింది. పులిహోర డబ్బా, కుంకుమ పొట్లం, మలైకాజా పెట్టె. సైడ్ లోయర్ దొరికింది. బండి కదిలి పెన్న వంతెన మీదికి రాగానే ఎడమ పక్క చీకట్లోకి చూశాను. ఏటి పైకి ఎక్కడో జొన్నవాడ. దీపం ఏదీ కనిపించలేదు, నీళ్ళ మెరుపు తప్ప. వచ్చే నెల నుంచి పగటి డ్యూటీకి దరఖాస్తు ఫోన్లోనే రాసి పంపించి పడుకున్నాను.

ఒంగోలు వెళ్ళడం తెలిసింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. ఆ తర్వాత ఎంతసేపటికో, బోగీలో లైట్లన్నీ ఆర్పేశాక, నా కాళ్ళ దగ్గర బెర్తు అంచు మీద ఎవరో మెల్లగా కూర్చున్నారు. రిజర్వేషన్ లేకుండా ఎక్కిన మనిషో, కాదో. నేను కళ్ళు తెరవలేదు. కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాను.