రేణిగుంట నుంచి డిబ్రూగఢ్: గాల్లో ఐదు గంటలు, ఇంటి నుంచి పదిహేనున్నర

అక్కావాళ్లు అస్సాంలోని దులియాజాన్‌లో ఉంటారు, బావది అక్కడ చమురు బావుల దగ్గర ఉద్యోగం. డిసెంబరులో అమ్మను కావలి నుంచి అక్కడికి తీసుకెళ్లాను. మా వైపు నుంచి ఉద్యోగాలకో సైన్యానికో అటు వెళ్లిన పిల్లలున్న అమ్మానాన్నలకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

మేం విమానం ఎక్కింది రేణిగుంటలో, అక్కావాళ్ల ఊరికి వెళ్లడానికి దిగింది డిబ్రూగఢ్‌లో. ఈ రెంటి మధ్య గీత గీసినట్టు వెళ్తే సుమారు 2,220 కిలోమీటర్లు. ఆ గీత నెల్లూరు పక్కగా సముద్రం మీదికి పోయి, బంగాళాఖాతం, బంగ్లాదేశ్ దాటి అస్సాం చేరుతుంది. గంటకు 800 కిలోమీటర్ల లెక్కన మూడు గంటలు. అమ్మకి అదే చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.

ఎందుకంటే నేరుగా పోయే విమానం లేదు. మేం హైదరాబాద్‌లో, కోల్‌కతాలో మారాం. మూడు విమానాల దూరం కలిపితే 2,480 కిలోమీటర్లు, అంటే చుట్టు తిరిగినా పెరిగింది 260 కిలోమీటర్లే. గాల్లో ఉన్నది ఐదు గంటలు. కానీ తెల్లవారుజామున మూడున్నరకి ఇంట్లో బయల్దేరి, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా కారులో రేణిగుంట చేరి, అన్నీ మారి, అటు దిగాక మళ్లీ కారెక్కి అక్క గుమ్మం తొక్కేసరికి రాత్రి ఏడు. పదిన్నర గంటలు రోడ్డు మీదా, క్యూల్లో, కుర్చీల్లో పోయాయి. డెబ్బై ఏళ్ల మనిషికి విమానం కష్టం కాదు, ఈ కూర్చోవడమే కష్టం. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం, వస్తే మాకు ఆ తెల్లవారుజాము కారు ప్రయాణమైనా తప్పుతుంది.

మూడు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే కొంచెం చవకగా కనిపిస్తుంది గానీ, మొదటిది లేటైతే తర్వాతి టికెట్ డబ్బులు పోయినట్టే, ఆ టెన్షన్ పెద్దవాళ్లతో ఉన్నప్పుడు అస్సలు వద్దు. పెద్దవాళ్లకి చక్రాల కుర్చీ టికెట్ కొనేటప్పుడే అడగండి. పచ్చడి సీసాలు చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపేస్తారు, పెద్ద పెట్టెలో వేసేయండి. మలైకాజా చేతిలోనే తీసుకెళ్లాను, ఏమీ అనలేదు.

రైలు కూడా ఉంది. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచే రైలు, నెల్లూరు మీదుగానే పోతుంది. మన దగ్గర ఎక్కితే రెండు రోజులు దాటుతుంది.

మా విమానం డిబ్రూగఢ్‌లో దిగేసరికి సాయంత్రం ఐదు గంటలు, బయట కటిక చీకటి. "ఏందిరా, గడియారం ఆగిపోయిందా?" అంది అమ్మ. మన కన్నా అది 15 డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ మిట్టమధ్యాహ్నం గంట ముందే అవుతుంది, గడియారం మాత్రం దేశమంతా ఒకటే. పైగా అది ఉత్తరాన ఉంది కాబట్టి చలికాలంలో పగలు మన కన్నా చిన్నది, అందుకే డిసెంబరులో సూర్యుడు అక్కడ అరగంట పైన ముందు ఉదయించి, దాదాపు గంటన్నర ముందే వెళ్లిపోతాడు. కారులో దారంతా అమ్మకి ఇదే చెప్పాను. మర్నాడు ఆరింటికే ఎండ వాకిట్లోకి వచ్చేసింది, అమ్మ, అక్క అప్పటికే టీ తాగుతూ కూర్చున్నారు.