ఇత్తనం అమ్మరు

సంక్రాంతికి ఊరు రాకుండా జహీరాబాద్ వెళ్తున్నానంటే మా అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పాతకాలపు పంటల విత్తనాల్ని ఎడ్లబండ్ల మీద ఊరేగించే పాత పంటల జాతర అక్కడ ఏటా ఆ పండక్కే మొదలవుతుంది మరి. పటాన్‌చెరులో ఎక్కిన బస్సులో సదాశివపేట దాకా నిలబడే ఉన్నాను. కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి వెళ్లేవాళ్లతో కాలు కదిపే చోటు లేదు. జహీరాబాద్‌లో దిగాక ఝరాసంగం రోడ్డులోని ఊరికి ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. షేర్ ఆటోలో ముప్పై రూపాయల దూరం అది! ఒళ్లు మండి, గంటసేపు ఎండలో నిలబడి షేర్ ఆటోలోనే వెళ్లాను.

ఎడ్లబండ్ల ముస్తాబు, డప్పులు, బుట్టల్లో రంగురంగుల గింజలు, ఆడవాళ్ల పాటలు... జాతర బాగుంది. నెల రోజులపాటు ఊరూరా తిరుగుతుంది. కానీ నా మనసులో ఉండిపోయింది మర్నాడు ఒక ఇంట్లో గడిపిన పూట. జాతరలో బండి పక్కన నడుస్తూ మాట కలిపిన ఒకావిడ, "ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా? రేపు బువ్వకు మా ఇంటికి రా" అంది. అరవై దాటిన మనిషి. ఈ జాతర జరిపే స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దాని మహిళా సంఘంలో పెళ్లయిన కొత్తలోనే చేరిందట.

తినేముందు చేను చూపిస్తానని తీసుకెళ్లింది. రెండెకరాల ఎర్ర చెల్క, ఒక పక్కకి వాలుగా ఉంది. బోరు లేదు. కొర్ర, సామ, జొన్న, పెసర అప్పటికే ఇంటికి చేరాయి. కంది కోతకొచ్చి గలగలమంటోంది. జొన్న మోళ్లని పట్టుకుని అనుము తీగలు ఇంకా పచ్చగా పాకుతున్నాయి. ఈ ఏడాది ఎన్ని రకాలు వేశారమ్మా అంటే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పద్దెనిమిది తేలాయి. తర్వాత ఇంటిదగ్గర కోడలు గుర్తుచేస్తే ఇంకొకటి కలిపింది.

"వాన ఎక్కువైతే కంది పోతది, తక్కువైతే సామ నిలుస్తది. అన్నీ పోయిన ఏడు నేను జూడలే" అంది. యూరియా బస్తా ఆ ఇంటికి రాదు. ఇంట్లో రెండు ఎడ్లు, ఒక ఆవు, వాటి పేడ ఎరువు. కంది ఆకు రాలి నేలకే పోతుంది. ఏ పంట ఎంత వెయ్యాలో ఎలా తేలుస్తారని అడిగాను. "ఏడాదంత పొయ్యి మీద ఏం ఉడకాల్నో అదే చేన్ల పెడత" అంది.

ఆ మాట విన్నప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర. మా ఆరెకరాల్లో పత్తి, మిర్చి తప్ప ఇంకోటి ఉండదు. కందిపప్పు, కూరగాయలు, చివరికి గోంగూర కూడా బజారు నుంచే వస్తాయి. చిన్నప్పుడు చేలో పురుగుమందు కొట్టి వచ్చిన నాన్న చొక్కాని అమ్మ విడిగా, పెరట్లో ఉతికేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. 2002లో బీటీ పత్తి వచ్చాక ఏటా విత్తనాల ప్యాకెట్లు కొనాల్సిందే. అవి హైబ్రిడ్ కాబట్టి పండిన గింజ దాచి మళ్లీ వేసుకోవడానికి లేదు. తొలకరికి ముందు 450 గ్రాముల ఆ ప్యాకెట్ల కోసం నాన్న షాపు ముందు క్యూలో నిలబడటం నేను చూశాను.

భోజనంలోకి జొన్నరొట్టె, బజ్జికూర. ఆ ప్రాంతంలో ఎల్ల అమావాస్యకి చేసే కూర అది. పచ్చి కందులు, అనపగింజలు, పచ్చి శనగలు, శనగాకు, చింతపండు పులుపు, చిక్కదనానికి కాస్త శనగపిండి. పక్కన వెల్లుల్లి కారం. మూడు రొట్టెలు తిన్నాను. మధ్యలో పక్కింటావిడ చేట పట్టుకుని వచ్చి, కొలిపించుకుని కందులు తీసుకెళ్లింది. డబ్బులివ్వలేదు. కోతకి రెండు రోజులు వస్తుందట. ఇంటికి సరిపోగా మిగిలింది ముందు ఊళ్లోవాళ్లకి, ఆ తర్వాతే జహీరాబాద్ బజారుకి. మా వీధి చివర ఆర్గానిక్ షాపులో అరకిలో కొర్రబియ్యానికి నేను తొంభై రూపాయలు పోస్తున్నాను.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1990లలో రేషన్‌లో బియ్యమే వచ్చేవి, జొన్న ఉండేది కాదు. అప్పుడు ఈ సంఘాల ఆడవాళ్లు బీడు పడ్డ చెల్కల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో వాటా ఊరి ధాన్యం నిధికి జమచేశారు. ఎవరింట్లో ఎంత లేమి ఉందో ఊరివాళ్లే కూర్చుని తేల్చి, మరీ పేదవాళ్లకి ఎక్కువ కొలిచారు. వానాకాలంలో పని దొరకని నెలల్లో ఆ జొన్నతోనే ఈమె ముగ్గురు పిల్లల్ని సాకింది. చెప్తుంటే ఆమె గొంతు పూడుకుపోయింది, నాకూ రొట్టె దిగలేదు.

తర్వాత లోపలి గదిలోకి పిలిచింది. గోడవారగా పేడతో అలికిన గుమ్ములు, కుండలు. ఒక కుండ మూతికి మెత్తిన మట్టిని గోటితో గీకి, ఊడదీసింది. బూడిద, ఎండిన వేపాకు, వాటి కింద అనుములు. బూడిదని నోటితో ఊది, నా అరచేతిలో గుప్పెడు పోసింది. గోధుమరంగు గింజలు, ఒక్కోదాని అంచున తెల్లటి గీత, ఎవరో సుద్దతో గీసినట్టు. మా నానమ్మ అలాగే దాచేదని చెప్పాను. ఇప్పుడు మా ఊళ్లో ఆ కుండలు లేవని కూడా చెప్పాను.

మా పెరట్లోకి కావాలి, ఎంతివ్వమంటారమ్మా అని పర్సు తీశాను. ఆమె ముఖం మారిపోయింది. "ఇత్తనం అమ్మం బిడ్డా. పైసలు లోపల పెట్టు" అంది. నాకు సిగ్గేసింది. వాళ్లలో ఎవరూ విత్తనానికి డబ్బు తీసుకోరట. సోలెడు తీసుకుంటే, పండాక రెండు సోలలు తెచ్చివ్వాలి. పండకపోతే మరో ఏడాది చూస్తారు.

సోలెడు కొలిచి, గుడ్డసంచిలో మూటగట్టి ఇచ్చింది. "వచ్చే జాతరకు రెండు సోలలు తేవాలె" అని నవ్వింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంగారెడ్డి దాటాక నాన్నకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"దొడ్లో దడి పక్కన మందు పడని చోటుంది. తొలకరికి అక్కడ పెడదాం" అన్నాడు. మళ్లీ కాసేపాగి, "ఒరేయ్, వాటిలో వేపాకు వేశావా? పురుగు పడుతుంది" అన్నాడు.

మూట విప్పి చూశాను. ఆమె వేసే ఇచ్చింది.