నన్ను ‘వైజాగ్’ అని పిలుస్తారు

షార్జాలో నేను పనిచేసే వర్క్‌షాపులో ఎవరికీ సొంత పేరుండదు, ఊరి పేరే పేరు. టైర్లు చూసే ఆయన త్రిస్సూర్. డెంటింగ్ చేసే పెద్దాయన పెషావర్. నేను వైజాగ్. మొదట్లో ఒళ్లు మండేది. గాజువాక ఆటోనగర్‌లో పన్నెండేళ్లు పానా పట్టినవాణ్ని, పేరు పెట్టి పిలవడానికి వీళ్లకేం కష్టం అనుకునేవాణ్ని. ఇప్పుడు ఎంతగా అలవాటైపోయిందంటే, సెలవు మీద ఇంటికొచ్చిన వారానికి అనకాపల్లిలో బస్సు కండక్టర్ “వైజాగ్, వైజాగ్” అని కేకేస్తే నన్నే అనుకుని వెనక్కి తిరిగాను.

ఇక్కడి స్నేహితులందరిదీ ఒకటే ప్రశ్న. “ఫెరారీలు నడిపావటగా?” నడపలేదు. టెస్ట్ డ్రైవ్ అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో రెండు వీధులు తిప్పి తీసుకురావడం, అదీ స్పీడ్ బ్రేకర్ల మధ్య. మాకు ఎక్కువగా వచ్చేవి పాత నిస్సాన్ 350జెడ్‌లు. 2002లో వచ్చిన మోడల్, 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, రెండే సీట్లు. పెద్ద షేకులెవరూ వాటి మొహం చూడరు. జీతగాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని కన్నబిడ్డలా సాకుతారు. అలాంటివాళ్లు ఒక అరడజను మంది జట్టుగా ఉండేవాళ్లు. బ్యాంకులో పనిచేసే ఎమిరాతీ కుర్రాడు, ఒక బ్రిటిష్ స్కూలు టీచరు, లెబనాన్ ఇంజినీరు, ఇంకా కొందరు. చలికాలం వస్తే శుక్రవారం తెల్లారకముందే అల్ ఐన్ దగ్గరి జబల్ హఫీత్ కొండకి బయల్దేరేవారు. కొండ మీదికి 11.7 కిలోమీటర్ల రోడ్డు, 60 మలుపులు.

2014 జనవరిలో మమ్మల్నీ రమ్మన్నారు. పిలుపు నా టూల్ బాక్స్‌కేనని నాకు తెలుసు. దారిలో ఏమన్నా అయితే చూసేవాడు కావాలి కదా. ముగ్గురం వర్క్‌షాపు పికప్‌లో వెనకాల వెళ్లాం, పెషావర్ డ్రైవింగ్.

ఎక్కడం బాగానే ఎక్కారు. దిగేటప్పుడు టీచరుగారి నీలం బండి మలుపు మలుపుకీ ఎర్ర లైటు వెలిగిస్తూ దిగుతోంది. “బ్రేకు మీద కాలు తీయడం లేదు చూశావా” అన్నాడు పెషావర్. కొండ కింద గ్రీన్ ముబజ్జరా పార్కు దగ్గర ఆయన ఎలాగోలా హ్యాండ్‌బ్రేక్‌తో ఆపి, దిగి, కారుకి ఆనుకుని నిలబడ్డాడు. పెడల్ నేలకి తగులుతోందట. చక్రాల దగ్గర కాలిన వాసన.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. ఏళ్ల తరబడి మార్చకపోతే చాలా ముందే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే నొక్కుకునేది ఆ బుడగే, బ్రేకులకి బలం అందదు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత తీస్తే ఆయిల్ తేనె రంగులో ఉండాల్సింది, కషాయంలా ఉంది. అరగంట చల్లారనిచ్చి బ్రేకు గొట్టాల్లోంచి ఎయిర్ తీయడం మొదలుపెట్టాం. ఆ ట్యాంకుకి అన్నిటికన్నా దూరంగా ఉండే వెనక కుడి చక్రం ముందు. నేను కింద ఆయిల్ వదిలే నిప్పిల్ దగ్గర, ఎమిరాతీ కుర్రాడు ఫోన్ లైటు పట్టుకుని నా పక్కన మట్టిలో మోకాళ్ల మీద, టీచరు పెడల్ దగ్గర. వచ్చీరాని హిందీలో నేను “దబావ్… పకడో… ఛోడో” (తొక్కు… పట్టుకో… వదులు) అంటుంటే ఆయన స్కూలు పిల్లాడిలా చెప్పినట్టు చేశాడు. సీసాలోకి బుడగలు రావడం ఆగాక పెడల్ గట్టిపడింది. ఆయన మొహం చూడాలి!

ఆ తర్వాత మా మేస్త్రి మాట చెప్పాను. అరకు ఘాటీలో లారీ తోలినవాడు ఆయన. నేను మొదటిసారి అనంతగిరి నుంచి దిగుతున్నప్పుడు నెత్తి మీద ఒకటిచ్చి అన్నాడు: “బ్రేకు మీద కాలెట్టి కూకుంటావేట్రా? ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు.” చిన్న గేర్లో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, టీచరుగారు ఆరు గేర్ల బండిని అయిదో గేర్లో దింపాడు మరి. ఆ మాట జట్టులో అందరికీ పట్టుకుంది. పెషావర్ అయితే తెలుగులోనే నేర్చుకున్నాడు, తన యాసలో.

ఆ రోజు నుంచి నేను రాకుండా టీ చెప్పేవారు కాదు. అలాగని గొప్పగా చెప్పుకోను. వాళ్ల ఒక జత టైర్ల ఖరీదు నా నెల జీతం దాటేది. ఎవరి ఇంటికీ నేను వెళ్లింది లేదు. మా స్నేహం బానెట్ మూసేదాకే అని నాలో నేను అనుకునేవాణ్ని. అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. టీవీలో వైజాగ్ ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేచిపోయి కనిపిస్తోంది, ఇంటికి ఫోన్ కలవడం లేదు. రెండు రాత్రులు త్రిస్సూర్ నా ఫోనూ తన ఫోనూ పక్కన పెట్టుకుని వంతులేసి డయల్ చేశాడు. “వైజాగ్ ఎలా ఉంది?” అని జట్టులో ప్రతివాడూ అడిగాడు. వాళ్లు అడుగుతోంది నన్ను గురించో ఊరి గురించో తెలియలేదు. మూడో రోజు అమ్మ గొంతు వినబడింది. రేకులు ఎగిరిపోయాయి, మామిడిచెట్టు పడిపోయింది, మనుషులు బాగున్నారు. పెషావర్ ఆ పూట అందరికీ కరక్ టీ ఇప్పించాడు. అతను సామాన్యంగా జేబులో చెయ్యి పెట్టే రకం కాదు!

2022 నుంచి అక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారింది, షార్జా ఆఫీసులకైతే శుక్రవారం కూడా కలిసింది. జట్టులో సగం మంది దేశం వదిలి వెళ్లారు. మాకు మాత్రం ఇప్పటికీ వారానికి ఒక్క రోజే సెలవు.

మొన్న ఆదివారం ఆటోనగర్ కుర్రాళ్లతో అరకు వెళ్లాను. మనవాళ్ల స్పోర్ట్స్ కారు పాత ఫియట్ పాలియో 1.6. సముద్రపు ఉప్పుగాలికి అడుగంతా తుప్పు, ఇంజిన్ మాత్రం ఇంకా హుషారే. ఎస్.కోట దాటాక ఘాటీ ఎక్కి, అనంతగిరిలో టీకి ఆగి పెషావర్‌కి ఫోటో పంపాను. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్. “వైజాగ్! ఏ గేర్ ఎక్కినావో, ఆ గేర్ దిగు!”

పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్న మేస్త్రి తలెత్తాడు. “ఎవుడ్రా ఆడు? నా మాట ఆడికెలా తెలుసు?”

“పెషావర్ ఆయన, గురూగారూ. ఖైబర్ కనుమ పక్కనే వాళ్ల ఊరు.”

“అలాగా,” అని మేస్త్రి మళ్లీ టీ ఊదుకున్నాడు. “అయితే నాను సెప్పకపోయినా ఆడికి తెలుసులే.”